ఊ కొట్టడం

మా ఇంటెనక ఉండే కోడలు పిల్ల బీడీలు చుడుతూ ఫోన్‌ను నీళ్ల బిందెకు ఆనించి పెట్టుకుంటుంది. తెర మీద ఆమె మొగుడు. వాడు దుబాయిలో తన గదిలో కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఈమె తునికాకు కత్తిరిస్తుంటుంది, వాడు కూర పొయ్యి మీద వేస్తాడు. ఎప్పుడో ఒకసారి వాడు "పిలగాడు పన్నడా?" అంటాడు. "ఎప్పుడో పన్నడు" అంటుంది ఈమె. మళ్లీ ఇటు కత్తెర చప్పుడు, అటు గరిటె చప్పుడు. అట్లా గంట గడుస్తుంది. అక్కడ వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి బోటిమ్ అనే యాప్ వాడతారు. దానికి వాడు నెలకింత అని కడతాడు, ఈమెకు జియో రీచార్జి ఎలాగూ ఉన్నదే. నిమిషం ఎంతకు పడుతుందో ఇద్దరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

నాకు మాత్రం ఇప్పటికీ ఫోన్ ఎత్తితే లోపల ఏదో మీటరు తిరుగుతున్నట్టే ఉంటుంది. షార్జాలో పదకొండేళ్లు ఉన్నాను. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే లెక్క, కాబట్టి ఊరికి నేనూ దుబాయోణ్నే. ఐటీఐ చదివిన ధైర్యంతో, అప్పటి కరీంనగర్ జిల్లాలో మెట్‌పల్లి దగ్గరున్న మా ఊరి నుంచి 2007 జనవరిలో పోయాను. పెద్ద పెద్ద భవనాల్లో ఫోన్లకూ కెమెరాలకూ నెట్‌కూ తీగలు లాగే కంపెనీ. జీతం 900 దిర్హాములు. వీసాకు చేసిన అప్పు 80 వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెల తిరిగేసరికి మిత్తే 2,400. దిర్హాము అప్పుడు పదకొండు రూపాయల దగ్గర ఉండేది. ఊరికి ఫోన్ చేస్తే నిమిషానికి దాదాపు రెండు దిర్హాములు. ఐదు నిమిషాలు మాట్లాడితే నూటపది రూపాయలు పోయినట్టు. అవ్వ పొద్దంతా వంగి వెయ్యి బీడీలు చుడితే అంత రాకపోయేది.

అందుకని మాట్లాడాల్సినవి ముందే ఒక కాగితం మీద రాసుకునేవాణ్ని. కేబుల్ డబ్బాల అట్ట ముక్క అయితే ఇంకా మంచిది, చేతిలో వంగకుండా ఉంటుంది. మిత్తి కట్టారా. బోరు పోస్తుందా. చెల్లె సంబంధం ఎక్కడిదాకా వచ్చింది. ఒక్కొక్కటి అడిగి కొట్టేసేవాణ్ని. ఇందులో ఒక ముచ్చట ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యమనిపిస్తుంది. ఆ రోజుల్లో అవతలి మాట సరిగ్గా వినబడకపోతే ఊరుకునేవాణ్ని కాదు. "ఏందీ? మళ్ల చెప్పు" అని గట్టిగా అడిగేవాణ్ని. రెండు దిర్హాములు పెట్టి కొన్న మాట నేల పాలైతే ప్రాణం ఒప్పదు కదా.

బాపు గురించి చెప్పాలి. ఆయన మాట తక్కువ మనిషి అని ఊరంతా అంటుంది. అది నిజం కాదు. ఆయన మాట మొదలుపెట్టడానికి కొంచెం సమయం తీసుకుంటాడు, అంతే. ఏదైనా అడిగితే ముందు కిందికి చూస్తాడు, గొంతు సవరించుకుంటాడు, భుజం మీది తువ్వాల సర్దుకుంటాడు, అప్పుడు మొదటి మాట వస్తుంది. అది కూడా తనలో తాను అనుకున్నంత మెల్లగా. రెండో మాట నుంచి గొంతు లేస్తుంది. తొందరపడేవాళ్లు ఆ మొదటి మాట దాకా ఆగరు. పసుపు బేరగాళ్లు ఆయన మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్న సందర్భాలు నాకు తెలుసు.

మా చిన్నబాపు ఎనభైల చివర్లో దమ్మాంలో ఉండేవాడు. అప్పుడు ఫోన్ల మాట ఎక్కడిది. క్యాసెట్లు నడిచేవి. అక్కడినుంచి సెలవు మీద వచ్చే మనిషి చేతికి చిన్నబాపు తన గొంతు నింపిన క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. అందరం టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లం. తిరిగి పోయే మనిషి చేతికి మా గొంతులు నింపి పంపాలి. అవ్వ, నాయినమ్మ, పిల్లలం అందరం కలిసి ఒక పక్క నింపేవాళ్లం. రెండో పక్క మొత్తం బాపుదే. అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక పక్క ముప్పై నిమిషాలు. రాత్రి అందరూ పన్నాక, లాంతరు పక్కన పెట్టుకుని, బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, తమ్మునితో అరగంట మాట్లాడేవాడు. వానలు, పంచాయితీలు, ఎద్దుకు కుంటు రావడం, ఊళ్లో ఎవరు పోయారు, ఎవరు పుట్టారు. నేను దుప్పట్లోంచి వినేవాణ్ని. మధ్యలో ఎంత ఆగినా టేపు అడ్డం రాదు, తిరుగుతూనే ఉంటుంది. అరగంట మాట్లాడగల మనిషిని నేను చూశాను కాబట్టే, ఆ తర్వాత జరిగినదానికి నాకు సాకు లేదు.

2008లో మా గదికి నెట్ ఫోన్ వచ్చింది. ఎనిమిదిమందిమి కలిసి షార్జాలోని రోలాలో ఒక పాత కంప్యూటరు కొన్నాం, దానికో హెడ్‌సెట్. సెల్‌ఫోన్లు అమ్మే ఒక దుకాణంలో పది దిర్హాములిస్తే చీటీ మీద ఒక పేరు, ఒక రహస్య నంబరు రాసి ఇచ్చేవాడు. వాటిని కంప్యూటరులోని డయలర్‌లో కొడితే ఇండియాకు దాదాపు వంద నిమిషాలు. రెండు దిర్హాముల నిమిషం పది ఫిల్సుకు దిగింది! మొదటి శుక్రవారం మేం ఎనిమిదిమందిమీ తెల్లవారేదాకా వంతులేసుకుని మాట్లాడాం. మెట్‌పల్లి అన్న ఒకాయన తన పెండ్లాంతో మాటలన్నీ అయిపోయి, చివరికి బర్రె అరుపు వినిపించమన్నాడు.

నిజానికి ఇది అప్పటికే పాత విద్య. ఇంటర్నెట్ మీద గొంతు పంపే సరుకును ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ కంపెనీ 1995లోనే అమ్మకానికి పెట్టింది. ఒక స్వీడన్ ఆయన, ఒక డెన్మార్క్ ఆయన కలిసి ఎస్టోనియా కుర్రాళ్లతో రాయించిన స్కైప్ 2003లో వచ్చింది. మన దేశంలో ఇంటర్నెట్ ఫోన్‌ను 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతించారు, కాకపోతే దేశంలోపలి ఫోన్లకు చేయడానికి వీల్లేదన్నారు. ఎమిరేట్స్‌లో మాత్రం లైసెన్సున్న ఫోన్ కంపెనీలు తప్ప మరెవరూ ఈ మాటల వ్యాపారం చేయకూడదు. అప్పుడక్కడున్నవి ఎతిసలాత్, డూ అనే రెండే. స్కైప్ కలిసేది కాదు. 2015లో వాట్సాప్‌లో కాల్ వచ్చి ప్రపంచమంతా మాట్లాడుకుంటుంటే అక్కడ అదీ మోగలేదు. సౌదీ 2017 సెప్టెంబరులో ఈ కట్టు విప్పితే మా గదివాళ్లకు కన్ను కుట్టింది. కాబట్టి రోలాలో మేం కొన్న చీటీ దొంగ చీటీ. మాకు తెలుసు. తెలిసీ కొన్నాం. జీతంలో పావు వంతు మిత్తికే పోయేవాడికి చట్టం కన్నా చౌక ముందు కనిపిస్తుంది. దీని మీద నేను గొప్పలూ చెప్పుకోను, చెంపలూ వేసుకోను.

ఇటువైపు ఇంకో దొంగతనం నడిచేది. నేను షార్జా నుంచి చేస్తే మా అవ్వ ఫోన్‌లో ఇండియా నంబరే పడేది, అదీ రోజుకొకటి. విదేశం నుంచి వచ్చే కాల్ లైసెన్సున్న ద్వారం గుండా రావాలి. వచ్చినందుకు నిమిషానికింత అని ఇక్కడి కంపెనీకి ముట్టాలి. 2015 లెక్క ప్రకారం అది 53 పైసలు. దేశంలోపలే ఒక మొబైల్ నుంచి ఇంకో మొబైల్‌కు పోయే కాల్‌కైతే 14 పైసలు. ఆ తేడా మింగడానికి ఎవడో ఏదో పట్నంలో అద్దెగదిలో పెట్టె పెడతాడు. దాంట్లో పదుల కొద్దీ సిమ్‌లు. ఇంటర్నెట్‌లో వచ్చిన గొంతును అక్కడ దించి, పక్కింటి కాల్ లాగా మళ్లీ ఎక్కిస్తాడు. హైదరాబాదులో ఇట్లాంటి పెట్టెలు పట్టుబడ్డాయని అప్పుడప్పుడు పేపర్లో చదివే ఉంటారు. ఆ వార్తల్లో దేశభద్రత గురించి ఉంటుంది, ఆదాయ నష్టం గురించి ఉంటుంది. మా అవ్వ గురించి ఉండదు. ఒకసారి కాల్ కట్ అయితే ఆమె తెలివిగా అదే నంబరుకు తిరిగి కొట్టింది. అటు ఎవడో హిందీవాడు. వాడు రాంగ్ నంబర్ అంటాడు, ఈమె "నా కొడుకు ఇప్పుడే గీ ఫోన్లనే మాట్లాడిండు, ఏడికి పంపినవు?" అని వాడిని పది నిమిషాలు నిలదీసింది. తర్వాత ఆమే ఒక సూత్రం కట్టుకుంది: "నంబరు ఏదన్న గానీ, శుక్రారం రాత్రి మోగితె నువ్వే."

నెట్ ఫోన్‌లో మాట వంకరగా వచ్చేది. క్యాంపు మొత్తానికి ఒకే ఇంటర్నెట్ లైను, శుక్రవారం రాత్రి అందరూ దాని మీదే. మాట మధ్యలో తెగడం, నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడమనడం, నా గొంతు నాకే తిరిగి వినబడడం. మొదట్లో "మళ్ల చెప్పు, మళ్ల చెప్పు" అనేవాణ్ని. నాలుగు వారాలకు విసుగొచ్చింది. ఎట్లాగూ రేపు కూడా చేయొచ్చు, ఎల్లుండి కూడా చేయొచ్చు. వినబడినంత విని, వినబడని చోట "ఊ" అనడం అలవాటైంది. అవ్వ నాలుగు మాటలు చెబితే మూడు వినబడేవి, నాలుగోది ఊహించుకోవచ్చు. ఆమె ఒక మాటను మూడుసార్లు చెప్పే మనిషి కూడా. బాపుతోనే తంటా. నేను "మంచిగున్నవా బాపూ" అంటాను. ఏమీ వినబడదు. సన్నటి హోరు, మా ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నట్టు. నేను ఇంకో ప్రశ్న వేస్తాను. సరిగ్గా అప్పుడే ఆయన ఏదో అన్నట్టు ఒక ముక్క వచ్చి నా మాట మీద పడుతుంది. ఇద్దరం ఆగుతాం. ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం. చివరికి ఆయన "అవ్వకిస్తున్న" అని ఫోన్ అందించేవాడు. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినబడేది.

బాపుకు నాతో మాట్లాడాలని లేదనుకున్నాను. అప్పు చేసి పోయి ఇంకా తీర్చలేదని కోపమేమో అనుకున్నాను. ఇంకొంచెం నిజం చెప్పాలంటే, ఆయన మాట్లాడకపోవడం నాకు హాయిగానే ఉండేది. అవ్వకు "అంతా మంచిదే" అని చెప్పడం తేలిక. బాపు అడిగితే ఒక్క అబద్ధంతో పోదు.

చిన్నప్పుడు నాయినమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. నేను సగం నిద్రలో కూడా ఊ కొట్టేవాణ్నట. ఆమె అనుమానమొచ్చి పరీక్ష పెట్టేది. "అప్పుడు రాజు లేశి పోయి గాడిదను లగ్గం చేసుకున్నడు" అనేది. నేను "ఊ" అనేవాణ్ని. "పన్నవు పో బిడ్డా" అని దుప్పటి కప్పేది.

2009లో దుబాయిలో కట్టే భవనాలు కట్టినట్టే ఆగిపోయాయి. క్రేన్లు మెడలు వంచి నిలబడ్డాయి. మా కంపెనీ నాలుగు నెలలు జీతమివ్వలేదు, తిండికి మాత్రం కొంత చేతిలో పెట్టేది. ఇంటికి చెప్పలేదు. పైసలు బ్యాంకులో ఆగాయని ఒకసారి, సెలవులని ఒకసారి, ఏదో ఒకటి. ఆ ఎండాకాలంలో ఒక శుక్రవారం అవ్వ మాట్లాడి, "బాపు ఏందో చెప్తడట" అని ఫోన్ ఇచ్చింది. చాలాసేపు హోరు. తర్వాత ముక్కలు ముక్కలుగా ఏదో వచ్చింది. చివర్న "ఏమంటవు?" అన్నది మాత్రం వినబడింది. వెనక మెట్‌పల్లి అన్న తన వంతు కోసం నిలబడ్డాడు. "ఊ. నీ ఇష్టం బాపూ" అన్నాను.

ఆ కాల్ నాకు గుర్తు కూడా లేదు. మరుసటి ఏడాది సెలవు మీద వచ్చేదాకా.

2010లో వచ్చాను. రెండో రోజు పొద్దున కాలువ కింది మడి చూద్దామని పోయాను. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు పారే ఇరవై గుంటలు, మాకున్న భూమిలో అదే మెరుగైన ముక్క. దాంట్లో ఎవరో మనుషులు నాటు వేస్తున్నారు. మా ఊరివాడే ఒకడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, "ఎప్పుడొచ్చినవే, బాపు చెప్పలేదా" అన్నాడు. అప్పు, మిత్తి కలిసి పెరుగుతుంటే, నా దగ్గర్నుంచి పైసలు ఆగిపోయుంటే, బాపు ఆ ఇరవై గుంటలు అమ్మి అప్పు కడిగేశాడు.

ఇంటికొచ్చి ఎగబడ్డాను. అమ్మినందుకు కాదు, కనీసం ఒక్క మాట చెప్పలేదని. బాపు కిందికి చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "చెప్పిన కదరా" అన్నాడు. "ఫోన్ల చెప్పిన. నీ ఇష్టం బాపూ అన్నవు." అవ్వ తలుపు దగ్గర నిలబడి, "అన్నవు బిడ్డా. నేను పక్కనే ఉన్న" అన్నది. ఇద్దరూ కలిసి కట్టిన అబద్ధమనుకున్నాను. నేను ఆ మాట అననే లేదని ఒట్టు పెట్టుకున్నాను. నెల సెలవులో పద్దెనిమిది రోజులు బాపుతో మాట్లాడలేదు. ఎయిర్‌పోర్టుకు పోయే జీపు ఎక్కేటప్పుడు ఆయన సంచి అందించాడు. నేను తీసుకున్నాను, అంతే.

2012లో మా కంపెనీకి ఒక హోటల్ పని దొరికింది. గదిగదికీ ఐపీ ఫోన్లు. మామూలు టెలిఫోన్ తీగ ఉండదు, కంప్యూటరు తీగ మీదే మాట నడుస్తుంది. మాలో ఐదుగురికి రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఈజిప్టు ఇంజినీరు ఒకాయన, అరబ్బీ కలిసిన ఇంగ్లిషులో, బోర్డు మీద బొమ్మలు గీస్తూ చెప్పాడు. ఇంటర్నెట్‌లో మాట ఒక ధారగా పోదు. సెకనుకు 8,000 సార్లు గొంతును కొలుస్తారు. ఆ అంకెలను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ చిరునామా అంటించి వదులుతారు. అంటే సెకను మాట యాభై చీటీలవుతుంది. అవి దారిలో ముందూ వెనకా అవుతాయి, కొన్ని తప్పిపోతాయి. తప్పిపోయిన ఫొటో అయితే మళ్లీ పంపమని అడగొచ్చు. మాటకు అంత తీరిక ఉండదు. ఆలస్యంగా వచ్చిన ముక్క ఎంత ముఖ్యమైనదైనా పారేయాల్సిందే. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా చూడాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ సలహా. దానికి మూడింతలో నాలుగింతలో అయితే మనుషులు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారని ఆయన చెబుతుంటే గదిలో అందరం నవ్వాం. అందరికీ శుక్రవారం రాత్రులు గుర్తొచ్చాయి.

రెండో రోజు ఆయన తెర మీద ఒక చిన్న గడి చూపించాడు. టిక్ పెడితే ఒక పని, తీసేస్తే ఇంకో పని. సైలెన్స్ సప్రెషన్ అని దాని పేరు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒక్కో మనిషి సగానికి పైగా సమయం ఊరికే వింటూ ఉంటాడు. ఆ మౌనాన్ని కూడా కొలిచి, కోసి, చీటీలు కట్టి పంపడం ఎందుకు, దండగ కదా? అందుకని యంత్రం గొంతు ఒక స్థాయికి మించి లేచినప్పుడే ముక్కలు పంపుతుంది, లేనప్పుడు ఆపేస్తుంది. లైను మీద బరువు తగ్గుతుంది, చౌక. కానీ ఒక చిక్కుంది, అన్నాడు. మనిషి మెల్లగా మొదలుపెడితే అది గొంతో చప్పుడో యంత్రం తేల్చుకునేలోపే మొదటి అక్షరాలు పోతాయి. గొంతు మరీ మెత్తనిదైతే మాటలకు మాటలే పోవచ్చు.

నేను చెయ్యెత్తాను. ఆపేసినప్పుడు అవతలివాడికి ఏం వినబడుతుందని అడిగాను. ఏమీ వినబడకపోతే లైను చచ్చిపోయిందనుకుంటారు కదా, అందుకని వినేవాడి ఫోనే సన్నటి హోరు తయారుచేసి చెవిలో పోస్తుంది, అన్నాడు. కంఫర్ట్ నాయిస్ అంటారట.

మా ఇంట్లో ఫ్యాను చప్పుడనుకుని నేను నాలుగేళ్లు విన్న హోరు అది. మా ఇంటిది కాదు. షార్జాలో నా చెవి పక్కనే, నా పెట్టెలోనే పుట్టింది. బాపు అటువైపు కిందికి చూస్తూ, గొంతు సవరించుకుంటూ, మొదటి మాట మెల్లగా అంటున్నంతసేపూ యంత్రం అది మాట కాదని తీర్పు చెప్పి, నాకు దొంగ ఫ్యాను వినిపించింది.

ఆ రాత్రి సరిగ్గా ఇదే జరిగిందని ప్రమాణం చేయలేను. సెల్‌ఫోన్లలోనూ ఇట్లాంటి పొదుపు ఉంటుందని తర్వాత తెలిసింది. మా ఇంటి నోకియాలో ఒకసారి, ఎవడో పెట్టిన సిమ్‌ల పెట్టెలో ఒకసారి, ఇంటర్నెట్ ఎక్కేచోట మరోసారి, బాపు గొంతు మూడు జల్లెడలు దాటి రావాలి. ఏ జల్లెడలో ఇరవై గుంటలు ఆగిపోయాయో ఎవరు చెప్పగలరు. తప్పంతా యంత్రం నెత్తిన వేయడానికి రెండు మూడు రోజులు బాగానే ప్రయత్నించాను. హాయిగా ఉంది కూడా. కానీ యంత్రం తిన్నది బాపు మాటను. "నీ ఇష్టం బాపూ" అన్నది యంత్రం కాదు. వినబడలేదని చెప్పడానికి నాకు పట్టేది ఒక్క నిమిషం, దాని ఖరీదు పది ఫిల్సులు. నిమిషానికి రెండు దిర్హాములున్నప్పుడు తప్పకుండా అడిగేవాణ్ని. గాడిదను లగ్గం చేసుకున్నడంటే ఊ కొట్టిన పిల్లగాడు ఇంకా నాలోనే ఉన్నాడు, దుప్పటి కప్పేవాళ్లే లేరు.

హోటల్‌లో నా వంతు వచ్చిన ఫోన్లన్నింటికీ ఆ గడిలో టిక్ తీసేశాను. ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం అది కొంచెం పిచ్చి పనే అని తెలుసు.

ఆ శుక్రవారం గదిలో హెడ్‌సెట్ ముట్టుకోలేదు. నా సెల్‌ఫోన్‌లో ముప్పై దిర్హాములు వేయించుకుని, పగటిపూట క్యాంపు గోడ నీడలో నిలబడి మామూలు కాల్ చేశాను. మా గదివాడొకడు పిచ్చోణ్ని చూసినట్టు చూసి పోయాడు. అవ్వ ఎత్తింది. బాపుకిమ్మన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "ఏమన్న అయిందా బిడ్డా?" అన్నది. సెలవు నుంచి వచ్చాక రెండేళ్లలో నేను బాపుకిమ్మని అడగడం అదే మొదలు.

బాపు తీసుకున్నాడు.

"బాపూ, మంచిగున్నవా?"

నేను ఆగాను. మామూలుగా అయితే ఈపాటికి రెండో ప్రశ్న వేసేవాణ్ని. లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. నాలుగు దగ్గర ఆయన గొంతు వచ్చింది, మెల్లగా మొదలై, మెట్టెక్కుతూ.

"మంచిగున్న. నెట్టు ఫోన్ ఖరాబైందా? దగ్గర్నుంచి మాట్లాడినట్టున్నది."

"ఖరాబ్ కాలేదు. గిట్లనే చేసిన."

"పైసలైతయి కదరా."

"కానియ్."

మళ్లీ ఆగాను. ఆయన బోరు గురించి చెప్పాడు. మోటరు కాలిపోతే చుట్టించిన ముచ్చట, పసుపు ధర పోయినేడు ఆకాశంలో ఉండి ఈయేడు నేల మీద పడ్డ ముచ్చట. తవ్వింపు కూలి కూడా ఎల్లదని ఎవరో పంట చేన్లోనే వదిలేశారట. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ చాలా ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో దూరంగా కోడి అరుపు వినబడింది, అవ్వ కత్తెర వినబడింది. ఫ్యాను వినబడలేదు. కరెంటు లేదట.

తొమ్మిదో నిమిషంలో బాపు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "నేను షురూ చెయ్యంగనే నువ్వు అడ్డమొస్తుంటివి," అన్నాడు. "మీటరు తిరుగుతున్నదేమో, పోరనికి తొందరున్నదేమో అని అవ్వకిస్తుంటి."

దానికి ఏమనాలో నాకు తోచలేదు. ఎండ గోడ అంచు దాటి నా కాళ్ల మీదికి వచ్చింది. అవతల ఆయన చెవి దగ్గరే ఫోన్ పెట్టుకుని ఉన్నాడని తెలుస్తోంది, ఊపిరి వినబడుతోంది.

"బాపూ, గా ఇరవై గుంటల ముచ్చట మళ్లొక్కసారి చెప్పవా. మొదటి నుంచి. నేను అప్పుడు..." ఇనబడలేదు అనబోయాను. "నేను అప్పుడు ఇనలేదు" అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు. పది దిర్హాములో పన్నెండో మిగిలి ఉంటాయి. నేను ఊ అనలేదు, హలో అనలేదు. అటువైపు తువ్వాల సర్దుకున్నట్టు ఏదో కదిలింది. తర్వాత, చాలా ఏళ్లకు, బాపు గొంతు సవరించుకున్న చప్పుడు ఫోన్‌లో వినబడింది.